ప్రయోగశాలలోని చిట్టెలుక

మన యిండ్లలో చిట్టెలుకను చూచి సంతోషించువారెవ్వరును లేరు. అది బియ్యపు బస్తాకు చిల్లు పెట్టును. అటకమీది పాత పుస్తకముల అంచులు కొఱికివేయును. వినాయకచవితినాడు మట్టి విగ్రహము పాదములకడ దానికి కొంచెము చోటు దొరకును గాని, మఱునాటి నుండి దానికొఱకు బోను సిద్ధము చేయుదుము. అట్టి అల్పప్రాణి నూఱు సంవత్సరములకు పైగా వైద్యశాస్త్రమునకు పాఠ్యపుస్తకముగా నున్నదనిన మన విద్యార్థులకు ఆశ్చర్యము కలుగవచ్చును.

మన చెన్నపట్టణములో, గిండీయందు, 1905వ సంవత్సరమున తెరువబడిన కింగ్ ఇన్‌స్టిట్యూట్ అను రోగనివారణ సంస్థ కలదు. మశూచికపు టీకాల తయారీకి పేరుపొందిన ఆ సంస్థలోని జంతుశాలనుండి తెల్ల చిట్టెలుకలు అనేక ప్రయోగశాలలకు చేరినవి. మన పిల్లలలో ఎందఱో ఆ త్రోవన పోవుచుందురు. ఆ గోడల వెనుక పెరిగిన చిట్టెలుకకును, మన యింటి పెండ్లిమాటలకును, ఆసుపత్రిలో మూత్రపిండము మార్పించుకొను రోగికిని ఏమి సంబంధమో ఈ వ్యాసమున తెలుపదలచితిమి. చదువరులు ఒక్క మాటను మాత్రము మొదటి నుండి చివరి వరకు జ్ఞాపకముంచుకొనవలెను: పోలిక వలన శాస్త్రము పెరుగును, భేదము వలన ప్రాణము నిలుచును.

చిట్టెలుకనే ఏల ఎన్నుకొనిరి?

ఎదిగిన చిట్టెలుక 20 మొదలు 30 గ్రాముల వరకు తూగును. దాని గర్భకాలము 19 నుండి 21 దినములు. ఒక్కొక్క కాన్పునకు సాధారణముగా 6 లేక 8 పిల్లలు పుట్టును. ఆ పిల్లలు 6 నుండి 8 వారములలో ఎదిగి తామును పిల్లలను కనును. కనుక ఒక విద్యాసంవత్సరము ముగియులోపల మనము మూడు నాలుగు తరములను కన్నులార చూడవచ్చును. ఏనుగుతో ఈ పని చేయవలెనన్న పరిశోధకుని మనుమడు కూడ ముసలివాడగును.

అంతేకాదు. చిట్టెలుక మనవలె పాలిచ్చు జంతువు. గుండె, కాలేయము, మూత్రపిండములు, రక్తము మొదలగునవన్నియు దానికి మనకు వలెనే కలవు. తల్లిదండ్రుల లక్షణములను బిడ్డలకు చేర్చు జన్యువులు వర్ణసూత్రములపై నుండునని మీరు చదివియున్నారు. మనుష్యునకు 23 జతల వర్ణసూత్రములు. చిట్టెలుకకు 20 జతలు. 2002వ సంవత్సరమున చిట్టెలుక జన్యువుల పూర్తి చిత్తుపటము ప్రకటింపబడినప్పుడు, దాని జన్యువులలో నూటికి 99 వంతులకు మనుష్యునిలో సరిపోలు జన్యువులు కలవని తేలినది.

తెలుపు, గోధుమవన్నె, పసుపు

బఠాణీ మొక్కలలో మెండెల్ కనుగొనిన సూత్రములు జంతువులకును వర్తించునని 1902లో ఫ్రాన్సు దేశమునందలి నాన్సీ నగరమున లూసియన్ క్యూనో అను ఆచార్యుడు చిట్టెలుకలతో చూపించెను. గోధుమవన్నె చిట్టెలుకను తెల్లదానితో జతపఱచిన పిల్లలన్నియు గోధుమవన్నెవే. ఆ పిల్లలను తమలో తాము జతపఱచినచో నాలుగింట మూడు గోధుమవన్నెవి, ఒకటి తెల్లది వచ్చును. తెలుపు నశింపలేదు, ఒక తరమున దాగి, మఱుతరమున బయటపడినది. ప్రతి లక్షణమునకు తల్లినుండి ఒకటి, తండ్రినుండి ఒకటి, రెండు ప్రతులుండును. తెలుపు కనబడవలెనన్న రెండు ప్రతులును తెలుపువే కావలెను. ఇట్టిదానిని అంతర్గత లక్షణమందురు.

పసుపువన్నె చిట్టెలుకలలో ఒక చిత్రము కనబడినది. రెండు పసుపు చిట్టెలుకలను జతపఱచిన నాలుగింట మూడు పసుపువి రావలెను గదా? కాని మూడింట రెండు మాత్రమే వచ్చినవి. క్యూనో 1905లో ఈ వింతను ప్రకటించెను. 1910లో అమెరికాలో కాజిల్, లిటిల్ అనువారు దాని మర్మము విప్పిరి. పసుపు జన్యువు ఒక ప్రతి మాత్రమున్న రంగు మార్చును. రెండు ప్రతులున్న పిండమునే చంపును. నాలుగింట ఒకటి పుట్టక మునుపే పోవుచున్నది. మిగిలిన మూడింట రెండు పసుపువి. తప్పిన లెక్కయే ఇచ్చట క్రొత్త సత్యమునకు దారి చూపినది. మీ ప్రయోగపు పుస్తకములలో రాని లెక్కను రబ్బరుతో తుడిచివేయు అలవాటున్నవారు దీనిని గమనింపవలెను.

ఇంగ్లండునందలి ఆక్స్‌ఫర్డులో జె. బి. ఎస్. హాల్డేన్ అను యువకుడు, అతని చెల్లెలు నవోమి, స్నేహితుడు స్ప్రంట్ కలిసి చిట్టెలుకలను పెంచి లెక్కలు వ్రాసిరి. గులాబివన్నె కన్నులను కలిగించు జన్యువును, తెలుపును కలిగించు జన్యువును విడివిడిగా గాక ఒకే బండిలో ప్రయాణము చేయు ఇరుగుపొరుగువారివలె కలిసి వచ్చుచున్నవని వారు గ్రహించిరి. అనగా ఆ రెండును ఒకే వర్ణసూత్రముపై నున్నవి. ఆ వ్యాసము 1915లో, మొదటి ప్రపంచయుద్ధము నడుచుచుండగా వెలువడినది. అప్పటికే స్ప్రంట్ యుద్ధమున మరణించెను. హాల్డేన్ పేరును గుర్తుంచుకొనుడు. ఆయన తెలుగుదేశమునకు ఎట్లు వచ్చెనో ముందు చెప్పుదుము.

ఇరువది తరముల పోలిక

శాస్త్రజ్ఞులకు ఒక చిక్కు ఎదురయ్యెను. ఒకే మందును రెండు చిట్టెలుకలకిచ్చిన ఒకటి బ్రతికెను, మఱొకటి చచ్చెను. కారణము మందా, పుట్టుకా? పుట్టుక అన్నింటికిని ఒక్కటే యైనగాని మందు సంగతి తేలదు. తరాజులో రెండు వైపుల రాళ్ళు సరిగా నుండినగదా సరకు తూకము తెలియును!

అందుచేత 1909లో హార్వర్డు విద్యార్థియగు క్లారెన్స్ లిటిల్ తోబుట్టువులను తోబుట్టువులతో జతపఱచుచు శుద్ధవంశమును నిర్మింపసాగెను. వరుసగా 20 తరములు ఇట్లు చేసినచో, జన్యువుల జతలలో నూటికి 98కి పైగా రెండు ప్రతులును ఒక్కటే యగును. అప్పుడా వంశములోని చిట్టెలుకలన్నియు కవలపిల్లలవలె నుండును. మనుష్యులలో 20 తరములన్న సుమారు 500 సంవత్సరములు. శ్రీకృష్ణదేవరాయలు సింహాసనమెక్కిన 1509 నుండి నేటివరకు అంత కాలము. చిట్టెలుకలలో ఐదారేండ్లు చాలును.

ఈ కథలో ఒక బడిపంతులమ్మ కూడ కలదు. ఆబీ లాత్రప్ అను నామె ఉపాధ్యాయవృత్తి మానుకొని మసాచుసెట్సు రాష్ట్రమున గ్రాన్బీ గ్రామములో, ముచ్చటకై పెంచుకొనువారికి రంగురంగుల చిట్టెలుకలను అమ్ముచుండెను. ఏ చిట్టెలుక ఎవరి బిడ్డయో, దేనికి ఏ జబ్బు వచ్చెనో పుస్తకములలో శ్రద్ధగా వ్రాసియుంచెను. ఆమె 1918లో మరణించెను. 1921లో లిటిల్ ఆమె చిట్టెలుకలలో 57వ అంకె గల ఆడదాని సంతతి నుండి ఒక నల్లని వంశమును స్థాపించెను. 2002లో ప్రకటింపబడిన జన్యుపటము ఆ వంశముదే. ఒక పల్లెలో శ్రద్ధగా వ్రాసిన లెక్కల పుస్తకము ఎంత దూరము పోయినదో చూడుడు.

కాని శుద్ధవంశము సులభముగా రాలేదు. తోబుట్టువుల జతలలో అనేక వంశములు కొన్ని తరములకే పిల్లలు లేక అంతరించినవి. దాగియున్న చెడ్డ ప్రతులు రెండేసి చొప్పున కలిసి బయటపడుటయే అందులకు కారణము. అన్నింటిని దాటి మిగిలినవియే నేటి వంశములు.

మేనరికపు లెక్క

ఇచ్చట తల్లిదండ్రులను గూడ మాతో లెక్కకు కూర్చుండుమని కోరుచున్నాము. మన తెలుగు కుటుంబములలో మేనరికము పాత ఆచారము. మేనమామ మేనకోడలిని పెండ్లాడుటయు, మేనత్త కుమారునికి మేనమామ కుమార్తెను ఇచ్చుటయు కలదు. ఆస్తి చెదరదనియు, పిల్ల కన్నులయెదుట నుండుననియు పెద్దలు ఇట్లు చేసిరి. జన్యువుల దృష్టితో దీని లెక్క ఎట్లుండునో చూతము.

తల్లిగాని తండ్రిగాని తనకున్న రెండు ప్రతులలో ఒకదానిని మాత్రమే బిడ్డకిచ్చును. కనుక ఒక ప్రతి ఒక మెట్టు దిగుటకు అవకాశము 2లో 1. మేనత్త కుమారుడు, మేనమామ కుమార్తె పెండ్లాడిరనుకొనుడు. వారిద్దఱికిని తాత, అవ్వ ఒక్కరే. తాతవద్ద రెండు, అవ్వవద్ద రెండు, వెరసి నాలుగు ప్రతులు. ఒక ప్రతి వరుని వైపునుండి బిడ్డను చేరవలెనన్న మూడు మెట్లు దిగవలెను. అవకాశము 8లో 1. వధువు వైపునుండియు 8లో 1. రెండు వైపులనుండి ఆ ప్రతియే వచ్చు అవకాశము 64లో 1. ప్రతులు నాలుగు కనుక 64లో 4, అనగా 16లో 1.

మేనమామ, మేనకోడళ్ళ విషయమున ఒకవైపు రెండే మెట్లు. కావున 4లో 1ని 8లో 1తో గుణించి, నాలుగింతలు చేసిన 8లో 1 వచ్చును. ప్రయోగశాలలోని తోబుట్టువుల చిట్టెలుకలకు రెండువైపులను రెండేసి మెట్లు. 16లో 4, అనగా 4లో 1. ఒకే ప్రతి రెండుమార్లు వచ్చుటవలన కీడే కలుగునని కాదు. ఆ ప్రతి మంచిదైన బాధలేదు. మేనరికపు బిడ్డలలో ఎక్కువమంది ఆరోగ్యముగానే యున్నారు. కాని వంశములో దాగిన జబ్బు ఏదైన నున్నచో అది బయటపడు అవకాశము హెచ్చును; అదే పెండ్లి తరము వెంట తరము జరిగినచో మఱింత హెచ్చును. మన కుటుంబములలో ఇట్టి పెండ్లి తలపెట్టినప్పుడు వైద్యుని సలహా నడుగుట పెద్దలను ధిక్కరించుట కాదు.

ఇప్పుడు హాల్డేన్ సంగతి. చిట్టెలుకల లెక్కలతో శాస్త్రజీవితము ప్రారంభించిన ఆ మహామేధావి 1957లో ఇంగ్లండు విడిచి భారతదేశమునకు వచ్చి, ఈ దేశపు పౌరసత్వము స్వీకరించెను. ఆయన శిష్యులలో తెలుగువాడైన ద్రోణంరాజు కృష్ణారావు ఒకరు. ఆంధ్రప్రదేశములో దగ్గఱి బంధువుల పెండ్లిండ్లు ఎంత తఱచుగా జరుగుచున్నవో, వాని ఫలితములేమో ద్రోణంరాజు, మీరాఖాన్ కలిసి పరిశీలించి 1963లో ప్రకటించిరి. 1964 డిసెంబరు 1వ తేదీన హాల్డేన్ భువనేశ్వరమున కన్నుమూసెను. ఆయన కోరిక ననుసరించి దేహమును కాకినాడయందలి రంగరాయ వైద్యకళాశాలకు విద్యార్థుల చదువుకొఱకు అప్పగించిరి. చిట్టెలుకను పాఠముగా చేసినవాడు చివరకు తానే పాఠమైనాడు.

తనది, పరాయిది

శుద్ధవంశములు ఏర్పడిన పిమ్మట ఒక క్రొత్త సంగతి తెలిసినది. ఒక చిట్టెలుక చర్మపు ముక్కను అదే వంశమునందలి మఱొకదానికి అతికించిన అంటుకొని బ్రతుకును. వేఱు వంశపుదానికి అతికించిన కొన్ని దినములలో నల్లబడి రాలిపోవును. శరీరము తనదానిని, పరాయిదానిని గుర్తుపట్టుచున్నదన్నమాట. ఎట్లు?

లండనులో హాల్డేన్ వద్ద జన్యుశాస్త్రము నేర్చిన పీటర్ గోరర్ అను వైద్యుడు, మనుష్యులలో రక్తవర్గములున్నట్లు చిట్టెలుకలలోను ఉండునా యని వెదకెను. 1936లో ఆయన ‘ఏ’ వర్గపు మానవ రక్తరసముతో వేర్వేరు వంశముల చిట్టెలుకల రక్తకణములను పరీక్షించి, వానిమధ్య వంశానుగతమైన భేదమును కనుగొనెను. అతికిన కణములను శరీరము త్రోసివేయుటకును ఇట్టి గుర్తే కారణమని తరువాతి పరీక్షలలో చూపెను. అమెరికాలో బార్ హార్బర్ అను ఊర జార్జి స్నెల్, ఈ ఒక్క గుర్తునందు దక్క మిగిలిన అన్నిటను సమానమైన చిట్టెలుకల జంటవంశములను ఎన్నో యేండ్ల శ్రమతో సృష్టించెను. ఆ గుర్తుల జన్యువులు చిట్టెలుకలో 17వ వర్ణసూత్రముపై నున్నవి. మనుష్యునిలో 6వ దానిపై. మానవులలో మొదటి గుర్తును 1958లో ఫ్రాన్సు వైద్యుడు జాన్ దోసే కనుగొనెను. స్నెల్, దోసే, బెనసెరాఫ్ అనువారికి 1980లో నోబెల్ బహుమానము లభించెను. గోరర్ 1961లోనే మరణించియుండెను.

ఈ గుర్తుల అసలు పని అతుకులను త్రోసివేయుట కాదు. ప్రకృతిలో చర్మము నెవరు అతికించుకొందురు? 1974లో ఆస్ట్రేలియాలోని కాన్‌బెర్రా నగరమున డోహర్టీ, జింకర్‌నాగెల్ అనువారు దీనిని చిట్టెలుకలతో తేల్చిరి; 1996లో వారికి నోబెల్ బహుమానము వచ్చెను. ప్రతి కణము తన లోపల నున్న పదార్థముల తునకలను ఈ గుర్తులనెడు పళ్ళెములలో పెట్టి వెలుపల చూపుచుండును. కాపలా తిరుగు తెల్ల రక్తకణములు వానిని తడవి చూచును. ఇంటివస్తువైన విడిచిపెట్టును, సూక్ష్మజీవి తునకయైన ఆ కణమును చంపును. ఒక్కొక్క రకపు పళ్ళెములో ఒక్కొక్క రకపు తునక మాత్రమే నిలుచును. ఊరివారందఱి పళ్ళెములును ఒకే రకమైనవైనచో, వానిలో నిలువని సూక్ష్మజీవి ఒక్కటి వచ్చిన ఊరంతయు నశించును. మనుష్యులలో ఈ గుర్తులు వేలకొలది రకములుగా నుండుట ప్రకృతి చేసిన రక్షణ. భేదము వలన ప్రాణము నిలుచునని మేము మొదట చెప్పినది ఇందువలననే.

ఈ శాస్త్రము నేడు మన నగరపు ఆసుపత్రులలో ప్రతిదినము ఉపయోగపడుచున్నది. మూత్రపిండము మార్చుటకు ముందు దాత గుర్తులను, రోగి గుర్తులను సరిచూతురు. మూలుగ మార్పిడిలో ఈ పోలిక మఱింత అవసరము. ఇచ్చటను మెండెల్ లెక్కయే. ఈ గుర్తులు కట్టగా కలిసి వచ్చును. తండ్రివద్ద రెండు కట్టలు, తల్లివద్ద రెండు కట్టలు. బిడ్డలు నాలుగు విధములుగా పుట్టవచ్చును. కనుక అన్నదమ్ములలో అక్కచెల్లెండ్రలో ఒకరిది మఱొకరికి పూర్తిగా సరిపోవు అవకాశము 4లో 1. ఇంటిలో సరిపోలువారు లేనప్పుడు బయటివారిని వెదకవలసియుండును. అందులకై దాతల పట్టికను సిద్ధపఱచు ‘దాత్రి’ అను సంస్థ 2009లో మన చెన్నపట్టణముననే ఏర్పడెను.

చెంగల్పట్టు నేర్పిన పాఠము

చిట్టెలుక చెప్పిన సాక్ష్యమును తుదితీర్పుగా తీసికొనవచ్చునా? కూడదని చూపిన గొప్ప పరీక్ష మన పొరుగుననే జరిగినది. క్షయవ్యాధిని నివారించుటకు వేయు బి.సి.జి. టీకా తయారీకై 1948లో గిండీయందు ప్రయోగశాల నెలకొల్పబడెను. టీకా వేసిన గినీపందులు, చిట్టెలుకలు క్షయసూక్ష్మజీవిని వేయనివానికంటె బాగుగ ఎదిరించుచుండెను. మఱి మనుష్యుల సంగతి?

1968లో నాటి చెంగల్పట్టు జిల్లాలో పరీక్ష ప్రారంభమయ్యెను. సుమారు 2,60,000 మందికి సూదిమందు వేసిరి. కొందఱికి హెచ్చు మోతాదు టీకా, కొందఱికి తక్కువ మోతాదు, కొందఱికి టీకా లేని ఉత్త ద్రవము. ఎవరికేది వేసిరో రోగులను పరీక్షించువారికి తెలియదు. పదునైదేండ్లు ఆ గ్రామములను విడువక చూచిరి. పెద్దవారికి వచ్చు ఊపిరితిత్తుల క్షయను ఆ టీకా ఆపలేకపోయెనని తేలినది. శాస్త్రజ్ఞులు నిరాశపడిరి గాని ఫలితమును దాచలేదు, ప్రపంచమంతటికి ప్రకటించిరి.

తల్లిదండ్రులు దీనివలన టీకాను నిరాకరింపరాదు. పసిబిడ్డలకు మెదడు పొరలకు సోకు క్షయనుండియు, ఒడలెల్ల వ్యాపించు క్షయనుండియు బి.సి.జి. రక్షణనిచ్చుచున్నది, అందుచేతనే పుట్టిన బిడ్డలకు నేటికిని వేయుచున్నారు. ఈ కథలోని నీతి వేఱు. బోనులోని జంతువులు ఒక్కరీతిగా పుట్టి, ఒకే ఆహారము తిని, శుభ్రమైన చోట పెరుగును. పల్లెలోని మనుష్యులు వేర్వేరు జన్యువులతో, వేర్వేరు నీళ్ళు త్రాగి, మట్టిలోని నానావిధ సూక్ష్మజీవుల నడుమ పెరుగుదురు. చిట్టెలుక దారి చూపును. ఆ దారి చేర్చునో లేదో మనుష్యులలోనే నడచి తెలిసికొనవలెను.

చలిలో నిదురించు పిండములు

శుద్ధవంశములను కాపాడుట కష్టము. ఒక తరము తప్పిన వంశమే పోవును. 1947 అక్టోబరులో బార్ హార్బరునందు కార్చిచ్చు లేచి, స్నెల్ పనిచేయుచుండిన జాక్సన్ ప్రయోగశాలను దహించెను. చిట్టెలుకలు దాదాపు అన్నియు మాడిపోయినవి. పూర్వము అచ్చటినుండి చిట్టెలుకలను తీసికొనిపోయిన శాస్త్రజ్ఞులు నలుదెసలనుండి వాని సంతతిని తిరిగి పంపిరి. అట్లు వంశములు నిలిచినవి. పరులకు పంచియిచ్చినదే తుదకు మిగిలినది. అగ్ని రాకున్నను వేఱొక కీడు కలదు: తరములు గడచుకొలది చిన్న చిన్న మార్పులు చేరి వంశము తెలియకయే మారిపోవును. ఈ రెండింటికిని మందు వంశమును చలిలో ఆపియుంచుట.

ప్రాణమున్న కణమును గడ్డకట్టించుట యెట్లు? కణములో హెచ్చుభాగము నీరు. నీరు మంచైనప్పుడు పదునైన స్ఫటికములేర్పడి కణపు పొరను చీల్చును. 1949లో ఇంగ్లండులో పోల్జ్, స్మిత్, పార్క్స్ అనువారు కోడిపుంజు వీర్యకణములను చక్కెరద్రవములో గడ్డకట్టింపజూచి విఫలులైరి. ఒకనాడు ఒక సీసాలోని ద్రవముతో మాత్రము కణములు బ్రతికినవి. పరీక్షింపగా అందులో నున్నది చక్కెర కాదు, గ్లిసరిన్! సీసాల పేర్లు తాఱుమాఱైనవి. వారు ఆ పొరపాటును పారవేయక, కారణమును వెదకిరి. గ్లిసరిన్ కణములోనికి పోయి స్ఫటికములు పెరుగకుండ అడ్డుకొనును. నేడు మన పల్లెటూరి పశువైద్యశాలలలో ద్రవ నత్రజని పాత్రలనుండి తీసి ఆవులకు, గేదెలకు ఇచ్చు ఎద్దు, దున్న వీర్యము ఈ పద్ధతి ఫలమే.

పిండమును గడ్డకట్టించుట అంతకంటె కష్టము. 1972లో అమెరికాలోని ఓక్ రిడ్జ్‌లో విట్టింగ్‌హామ్, లీబో, మేజర్ అనువారు చిట్టెలుక పిండములతో దానిని సాధించిరి. నిమిషమునకు ఇంచుమించు ఒక డిగ్రీ చొప్పున మెల్లగా చల్లార్చిరి. అట్లు చేసిన, మంచు కణము వెలుపల మొదట ఏర్పడును. లోపలి నీరు నెమ్మదిగా బయటికి వచ్చివేయును. ఉప్పు వేసిన మామిడిముక్క నీరు వదలినట్లు అనుకొనుడు. తుదకు సున్నకు దిగువ 196 డిగ్రీల ద్రవ నత్రజనిలో ఉంచిరి. అగ్నినక్షత్రపు టెండలో మన చెన్నపట్టణము 40 డిగ్రీలున్నదనుకొన్న, ఆ చలికిని ఈ వేడికిని 236 డిగ్రీల భేదము! ఇట్లు గడ్డకట్టించిన 2,500కు పైగా పిండములలో సగమునుండి నూటికి 70 వంతులవరకు కరిగించిన పిమ్మట మరల పెరిగినవి. వానిని పెంపుడుతల్లుల గర్భమున ఉంచగా ఆరోగ్యవంతమైన పిల్లలు పుట్టినవి. ఆవకాయ జాడీ కాయను నిలువయుంచును గాని దానినుండి మామిడిమొక్క మొలవదు. ఇచ్చట నిలువయుంచినది ప్రాణమునే.

1985లో రాల్, ఫాహీ అనువారు వేఱొక మార్గము చూపిరి. చిక్కని రక్షకద్రవములో పిండమును వేగముగా చల్లార్చిన స్ఫటికములే ఏర్పడవు. చక్కెరపాకము చల్లారి పిప్పరమెంటు బిళ్ళయైనట్లు గాజువలె గట్టిపడును. చిట్టెలుక వీర్యకణములు మాత్రము చాలకాలము లొంగలేదు. 1990 నాటికి జపాను శాస్త్రజ్ఞులు రాఫినోస్ అను చక్కెరను, వెన్నతీసిన పాలను కలిపి సాధించిరి.

ఈ విద్య మనుష్యులకును ఉపయోగపడినది. కలకత్తాలో డాక్టరు సుభాష్ ముఖోపాధ్యాయ పిండమును గడ్డకట్టించి, కరిగించి తల్లి గర్భమున ఉంచగా 1978 అక్టోబరు 3వ తేదీన ఆడుబిడ్డ పుట్టెను. ఆ కాలమున పెద్దలు ఆయనను నమ్మలేదు. 1981లో ఆయన ప్రాణము తీసికొనెను. ఆయన పనికి గౌరవము తరువాతనే లభించినది. హైదరాబాదులో కణ, అణు జీవశాస్త్ర కేంద్రమునకు చెందిన వన్యప్రాణి ప్రయోగశాల అంతరించుచున్న జంతువుల వీర్యకణములను, కణజాలములను ద్రవ నత్రజనిలో దాచుచున్నది. చిట్టెలుకలో పోలికను కాపాడుటకు పుట్టిన విద్య, అడవిలో భేదమును కాపాడుటకు ఇట్లు ఉపయోగపడుచున్నది.

మనము తీర్చవలసిన ఋణము

ఇంత మేలు చేసిన ప్రాణికి మనమేమి చేసితిమి? ఈ ప్రశ్నను పార్లమెంటులో లేవనెత్తిన మహిళ మన నగరమునకు చెందినదే. కళాక్షేత్ర స్థాపకురాలు శ్రీమతి రుక్మిణీదేవి అరుండేల్ 1952లో రాజ్యసభకు నియమింపబడి, జంతువుల యెడ క్రూరత్వమును నివారించు బిల్లును ప్రవేశపెట్టిరి. ప్రభుత్వము తానే చట్టము చేయుదునని మాట యిచ్చి 1960లో చేసెను. 1962లో ఏర్పడిన జంతుసంక్షేమ మండలికి ఆమెయే మొదటి అధ్యక్షురాలు. ఆ మండలి కార్యాలయము చాలకాలము చెన్నపట్టణముననే యుండెను. ఆ చట్టము జంతువులపై ప్రయోగములను నిషేధింపలేదు. అనవసరమైన బాధ కలుగకుండ చూచు సంఘమును ఏర్పఱచుటకు అధికారమిచ్చెను. 1998 నియమముల ప్రకారము ప్రయోగము చేయు సంస్థలు నమోదై, ముందుగా అనుమతి పొందవలెను.

1959లో రస్సెల్, బర్చ్ అను ఇంగ్లీషు శాస్త్రజ్ఞులు మూడు సూత్రములు చెప్పిరి. జంతువు లేకయే సత్యము తెలియునపుడు జంతువును వాడరాదు. వాడవలసినచో వీలైనంత తక్కువ వాడవలెను. వాడినదానికి బాధ తగ్గింపవలెను. పిండములను గడ్డకట్టించు విద్య రెండవ సూత్రమునకు తోడ్పడుచున్నది. వంశమును నిలుపుటకై తరము వెంట తరముగా వేలకొలది చిట్టెలుకలను పెంచి చంపవలసిన పనిలేదు.

విద్యార్థులారా! ఈ వ్యాసములోని మాటలలో కొన్ని మీకు క్రొత్తవి. కాని లెక్కలు మీరు ఎనిమిదవ తరగతిలో నేర్చినవే. మేనరికము మీ యింటిమాటయే. శాస్త్రము పరభాషలోని పరాయి వస్తువు కాదని తెలుపుటకే దీనిని తెలుగున వ్రాసితిమి. ఈ మారు చిట్టెలుక మీ పుస్తకము కొఱికినప్పుడు బోను పెట్టుడు, తప్పులేదు. కాని ఒక్క నిమిషము ఆగి, ఆ చిన్నప్రాణి మనకు చదివించిన పాఠమును తలచుకొనుడు.

అభ్యాసము

1. రెండు పసుపువన్నె చిట్టెలుకలకు పుట్టిన 24 పిల్లలలో ఎన్ని పసుపువి ఉండునని ఆశింపవచ్చును? ఏల?

2. మేనమామ, మేనకోడళ్ళ బిడ్డకు 8లో 1 వచ్చు విధమును పటము గీసి చూపుడు.

3. ఒక రోగికి ఇద్దఱు తోబుట్టువులున్నచో, కనీసము ఒకరి గుర్తులైన పూర్తిగా సరిపోవు అవకాశమెంత?

4. గ్లిసరిన్ సీసా కథకును, పసుపు చిట్టెలుకల కథకును గల పోలికను పది పంక్తులలో వ్రాయుడు.

5. చెంగల్పట్టు పరీక్షలో కొందఱికి ఉత్త ద్రవము ఏల వేసిరి? మీ తల్లిదండ్రులకు అర్థమగునట్లు చెప్పి, వారి ప్రశ్నలను వ్రాసికొని రండు.